మంచి కేసు

పోయిన సోమవారం మా క్లినిక్‌లో ఒక చిన్న సంగతి జరిగింది. ప్రొద్దుటూరులో నాది రెండు గదుల క్లినిక్. ఈ మధ్యనే ఒక అమ్మాయి నా దగ్గర జూనియర్‌గా చేరింది. పులివెందుల పిల్ల. నేను చదివిన కాలేజీలోనే నా తర్వాత తొమ్మిదేళ్లకు చదివింది. బట్టల అంగట్లో పనిచేసే పెద్దాయన ఒకాయన ఆయాసమని వస్తే, ఆ పిల్ల ఆయన్ను ఎడం పక్కకు తిరిగి పడుకోమంది. స్టెతస్కోపు అరచేతిలో రెండుసార్లు రుద్దుకుంది. వంగి ఛాతీ మీద పెడుతూ పెదాల మధ్యే గొణుక్కుంది: "గంట పక్క పెట్టప్పా. మెత్తగా పెట్టు. అదిమితే పారిపోతాది."

నేను రాస్తున్న చీటీ ఆపేశాను.

ఆ పెద్దాయన గుండె నిక్షేపంగా ఉంది. పొగాకు పొగ ఊపిరితిత్తులను తినేసింది, అంతే. ఆయన వెళ్లాక అడిగాను, "ఆ మాట యాడ నేర్చుకుంటివమ్మా?" అని.

"మా కాలేజీలో అందరూ అంటారు సార్. సీనియర్లు మాకు చెప్పినారు, మేం జూనియర్లకు చెప్పినాం. ముందు ఎవరన్నారో తెల్దు."

ఎవరన్నారో నాకు తెలుసు. పేరు కూడా తెలుసు. ఇక్కడ రాయను. బతికుండగా మా కాలేజీ ఆసుపత్రిలో ఒక్కరూ ఆయమ్మను పేరుతో పిలవలేదు. అందరికీ ఆయమ్మ 'ఎమ్మెస్ అక్క'. ఎమ్మెస్ అంటే చదువు కాదు, జబ్బు. గుండెలో ఎడమ పక్క గదుల మధ్య ఉండే కవాటం మూసుకుపోతూ వచ్చే జబ్బుకు మా డాక్టర్ల పొట్టి పేరు. పోయిన తర్వాత పేరు పెట్టి పిలిచి నేను మర్యాద చేయబోతే, ఆ మర్యాద నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఆసుపత్రి ఏ ఊళ్లోదో కూడా రాయను. జమ్మలమడుగులో బస్సెక్కితే పూటంతా పట్టేంత దూరం. చాలా పెద్దది. వేలమంది డాక్టర్లను తయారుచేసింది, నన్ను కూడా. తప్పు ఆ గోడలది కాదు కాబట్టి వాటి ఊసు వద్దు.

స్టెతస్కోపుకు రెండు ముఖాలుంటాయి. ఒకవైపు వెడల్పాటి బిళ్ల, రెండోవైపు చిన్న గంట. ఎమ్మెస్‌లో వచ్చే చప్పుడు మహా లోతు గొంతుది. బిళ్లకు చిక్కదు. రోగిని ఎడం పక్కకు తిప్పి, ఊపిరి వదిలి పట్టమని, గంట పక్కను తేలిగ్గా ఆనిస్తేనే దొరుకుతుంది. గట్టిగా నొక్కితే మాయమవుతుంది. ఈ ముక్క పుస్తకాల్లో అరపేజీ ఉంటుంది. ఆయమ్మ మూడు ముక్కల్లో తేల్చేసింది.

మా ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో నాకు పడిన కేసు ఆయమ్మే. రాష్ట్రం విడిపోయిన మరుసటేడు. మంచం మీద బక్కపలచటి మనిషి, నలభై దాటని వయసు, చెంపలు మాత్రం రంగు పూసినట్టు ఎర్రగా. ఆ ఎరుపు కూడా జబ్బుదే. నేను చొక్కా తడిసిపోయేంత చెమటతో వంగి, బిళ్ల పక్క పెట్టి, బలమంతా పెట్టి నొక్కుతున్నాను. నా గుండె చప్పుడు తప్ప ఇంకేం వినపడటం లేదు. ఎగ్జామినరు రెండు మంచాల అవతల ఇంకొకణ్ణి వేయించుకు తింటున్నాడు.

అప్పుడు మంచం మీద నుంచి మాట వచ్చింది. పెదాలు కదల్లేదు. ఆయమ్మ పైకప్పు చూస్తోంది.

"అప్పా, చల్లగుండాది. అరిచేతిలో రుద్దుకో."

రుద్దుకున్నాను.

"నన్ను ఎడంపక్కకు తిరగమని గట్టిగా చెప్పు. నా అంతట నేను తిరిగితే ఆ సారు కనిపెడతాడు."

"ఎడం పక్కకు తిరగండమ్మా," అన్నాను, వార్డంతా వినపడేట్టు.

తిరిగింది. తనతో తెచ్చుకున్న పలచటి తువ్వాలు ఒకటి ఉండేది, అది ఛాతీ మీద కప్పుకొని, కావలసినంత మేరకే పక్కకు తీసింది. "ఇంగ గంట పక్క పెట్టప్పా. మెత్తగా పెట్టు. అదిమితే పారిపోతాది. ఊపిరి వదిలి పట్టమని అడుగు."

అడిగాను. పట్టింది. అప్పుడు వినపడింది. మొదట దబ్బున తలుపు వేసినట్టు ఒక చప్పుడు. ఆ వెనక చిన్న చిటిక. దాని వెనక, దూరాన రాళ్ల బాట మీద ఎద్దులబండి పోతున్నట్టు గరగరమని ఒక ధ్వని. పుస్తకంలో చదివి నమ్మని చప్పుడు అది.

"ఇనపడిన్యాదా?"

"ఇనపడిన్యాదక్కా."

"ఏం పేరు దానికి?"

చెప్పాను.

"ఆ. చేపలమ్ముకునే దానికే తెలుసు, నీకు తెల్దంటే ఎట్లప్పా? ఇంగ మాట్లాడాకు, సారు వస్తాండాడు."

పాసయ్యాను. నా డిగ్రీ పట్టా మీద వైస్ ఛాన్సలరు సంతకం ఉంది. న్యాయంగా అక్కడ ఆయమ్మ వేలిముద్ర ఉండాలి.

ఆయమ్మది మైలవరం. మొగుడు రిజర్వాయర్‌లో చేపలు పట్టేవాడు, ఆయమ్మ గంప ఎత్తుకొని జమ్మలమడుగు పోయి అమ్ముకొచ్చేది. పిల్లల్లేరు. కడుపుతో ఉంటే ఈ గుండె తట్టుకోదని డాక్టర్లు భయపెట్టారు. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కీళ్లు వాచి జ్వరమొస్తే వాళ్ల నాయన ఎత్తుకొచ్చి ఆ ఆసుపత్రిలో చేర్చాడంట. ఆ జ్వరమే గుండె కవాటాన్ని పట్టుకుంది. అది మళ్లీ రాకుండా అప్పటి నుంచి మూడు వారాలకొకసారి సూది. పెళ్లయ్యాక, కొత్త కోడలు సూదులేసుకుంటోందని పదిమందీ అనుకుంటారని అత్త ఆ సూదులు మాన్పించింది. జబ్బు మాత్రం మానలేదు.

పరీక్షలో పాసయిన కృతజ్ఞతో, మా ఊరి దగ్గరి మనిషని అభిమానమో, ఆయమ్మ ఎప్పుడు వార్డుకు వచ్చినా నేను వెళ్లి స్టూలు లాక్కొని కూర్చునేవాణ్ణి. ఆ ఆసుపత్రి చరిత్ర నేను విన్నది ఆ మంచం దగ్గరే. వరండాలో ఒక శిలాఫలకం ఉంటుంది, దాని నిండా మంత్రుల పేర్లు. ఆ పేర్లలో ఒక్కరు కూడా ఆ వార్డు మంచం మీద పడుకున్న వాళ్లు కారు. ఆయమ్మ పడుకుంది.

"నేనొచ్చినప్పుడు ఈడ రేకులప్పా. వానొస్తే డాక్టరు చెప్పేది ఇనపడేది గాదు, పాఠం ఆపేసి నిలబడేవాల్లు. మల్ల ఈ మిద్దె ఏసినారు. మల్ల దాని మింద ఇంగొకటి. ముందు చీటీ రాసిచ్చే ముసలాయన ఉండె, నన్ను చూస్తానే 'గుండెకాయ వచ్చిందే' అనేటోడు. ఇప్పుడు మిషన్లో చీటీ. ఆ మిషనుకు నేనెవరో తెల్దు."

డాక్టర్లు ఎవరెవరో కూడా ఆయమ్మకు పేర్లతో తెలియదు. వాళ్లు చేసిన తప్పులతో తెలుసు. "ఆ ఎముకల పెద్దసారు ఉండాడే, నా పక్కన నిలబడి ఏడ్చినాడు. మూడోతూరికి గానీ పాస్ గాలే. ఇప్పుడు ఎదురైతే తెలియనట్టు పోతాడు. పోనీలే, ఏడ్చినోనికి సిగ్గుంటాది." ఇంకొక ప్రొఫెసరమ్మ గురించి: "ఆయమ్మ కుడిపక్క పెట్టి ఎతుకులాడింది. నేను 'గుండె ఈ పక్కమ్మా' అంటి." చెప్పి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. నవ్వితే ఆయాసం. కాసేపు ఆగి, ఊపిరి తీసుకొని, మిగిలిన నవ్వు నవ్వేది.

రోగిని మొదట అడగాల్సిన ప్రశ్న మాకు నేర్పింది కూడా ఆయమ్మే. ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తుందని అడగాలి. మీటర్లు, అంతస్తులు అని మేం అడిగితే చెప్పేది కాదు. "మీటర్లు నాకేం తెలుసు? డ్యాము కట్ట మింద తూము కాన్నుంచి బస్సు నిలిచే తావు దాంకా గంపతో నడుస్తా. నడమ ఒక్కతూరి కూచుంటా. అట్ల రాసుకో." నా పరీక్ష ఏడు ఒక్కసారి. మరుసటేడు రెండు. ఆయమ్మ గుండెకు ఎన్నో ఎకోలు తీశారు. నాకు మాత్రం ఆ కట్ట మీద కూర్చున్న లెక్కే ఏ కాగితం కన్నా సరైన రిపోర్టనిపించేది.

"నీకేం కావాలక్కా?" అని ఒకసారి ఊరికే అడిగాను.

"ఆ కట్ట మింద ఒక్కతూరన్నా కూచోకుండా నడవాలప్పా. గంప లేకపోయినా సరే. ఊరోల్లు చూడాల."

అది పెద్ద కోరిక కాదు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, మూసుకుపోయిన కవాటంలో బెలూన్ ఊది తెరిస్తే చాలు. రెండోరోజు ఇంటికి పంపేస్తారు. మా ఆసుపత్రిలో అప్పటికి ఆ సదుపాయం లేదు, వేరే ఊరికి రాసి పంపాలి. తెల్ల రేషన్ కార్డు మీద ఉచితం. మరి అన్నేళ్లు ఎందుకు పంపలేదని మీరడుగుతారు. ఎవరూ వద్దనలేదండీ. ఏ ఒక్కరూ ఆయమ్మకు చెడు తలపెట్టలేదు. ప్రతివాళ్లూ "ఈ పరీక్షలు అయిపోనీ, పంపిద్దాం" అన్నారు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు వస్తాయి.

చదువు చెప్పే ఆసుపత్రుల్లో 'మంచి కేసు' అనే మాట ఉంది. బయటి వాళ్లు వింటే, బాగయ్యే కేసనుకుంటారు. మా భాషలో మంచి కేసంటే, పుస్తకంలో రాసినట్టు జబ్బు అచ్చుగుద్దినట్టు కనపడే మనిషి. బెలూన్ ఊదితే ఆ గరగర, మేం మర్మర్ అనేది, పోతుంది. గరగర పోతే పరీక్షకు పనికిరాదు.

తర్వాత నేను అదే ఆసుపత్రిలో పీజీ చేరాను. రెండో ఏడు మా చీఫ్ నాకు కేసులు పోగుచేసే పని అప్పజెప్పాడు. పరీక్షలు పదిహేను రోజులుందనగా పీజీలు ఫోన్లు పట్టుకొని కూర్చుంటారు. లివరు వాచిన వాళ్లు, ప్లీహం పెరిగిన వాళ్లు, పక్షవాతం వాళ్లు, అందరి నంబర్లూ ఒక పాత నోట్‌బుక్‌లో ఉంటాయి. పేర్లు ఉండవు, జబ్బులే. గుండె కవాటాల కేసులు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నాయి. ఆ జబ్బే దేశంలో తగ్గుతోంది. మంచిదే. పరీక్షల ముందు మాత్రం మాలో ఒక్కరం కూడా దాన్ని మంచి అనుకోలేదు.

ఆ ఏడు ఆయమ్మ కట్ట మీద నాలుగుసార్లు కూర్చుంటోంది. గంప మొగుడు మోస్తున్నాడు. జమ్మలమడుగులో ఎవరో డాక్టరు క్యాంపులో చూసి, ఆయనే చొరవ తీసుకొని, వేరే ఊళ్లో పెద్ద గుండె ఆసుపత్రికి రాసి, బెలూన్‌కు తేదీ తెప్పించాడు. మాకెవరికీ తట్టనిది దారిన పోయే డాక్టరుకు తట్టింది. ఆయమ్మ ఆ సంగతి చెప్పడానికి నాకే ఫోన్ చేసింది.

"అప్పా, తేదీ వచ్చింది. వచ్చే బుధవారమంట. మా ఇంటాయన మూడుతూర్లు చదివించుకొన్యాడు."

"శానా సంతోషమక్కా," అన్నాను. నిజంగానే సంతోషించాను. ఫోన్ పెట్టేశాక నోట్‌బుక్ చూశాను. మా పరీక్ష మొదలయ్యేది ఆ బుధవారమే.

చీఫ్‌కు చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు. రెండు తరాలకు చదువు చెప్పాడు. ఆయమ్మ వస్తే తన ఫ్లాస్కులో టీ తనే పోసిచ్చేవాడు. పెన్ను బల్ల మీద పెట్టి అన్నాడు, "బెలూన్ పెడితే మర్మర్ పోతుంది కదయ్యా. మనకు ఇంకో కార్డియాక్ కేసు యాడుంది? ఇన్నేండ్లు ఆగిన మనిషి, ఒక వారం ఆగలేదా?"

ఒక వారం. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! నేనే ఫోన్ చేశాను.

"అక్కా, ఒక్క వారం వెనక్కి జరుపుకుంటావా? పరీక్ష ఉండాది. నువ్వు రాకపోతే పిల్లోల్లకు కేసు లేదు."

అవతల టీవీ చప్పుడు తగ్గింది.

"ఆ తేదీ పోతే మల్లా ఇస్తారా అప్పా?"

"ఎందుకియ్యరు? నేనే రాసి తెప్పిస్తా."

"నువ్వే తెప్పిస్తావు గదా?"

"నేనే."

"అట్లయితే వస్తాలే. పిల్లోల్లు ఫెయిలయితే పాపం."

ఫోన్ పెట్టేసి హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యను ఇప్పటికీ నేను క్షమించుకోలేదు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికల్లా వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. వార్డుకు ఉన్న ఆరు మెట్లలో రెండుసార్లు నిలబడింది. మొగుడు పసుపు బట్టల సంచిలో ఫైలు పెట్టుకొని, ఎప్పటిలాగే బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజు ఆయమ్మ మంచం దగ్గరికి వచ్చిన పిల్లలంతా పాసయ్యారు. పైకప్పు చూస్తూ ఆయమ్మ ఎవరికి ఏం చెప్పిందో నేను అడగలేదు.

పరీక్ష అయ్యాక నా స్నేహితుడొకడు కొత్తగా కొన్న ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు తెచ్చాడు. గుండె చప్పుడు ఫోన్‌లోకి రికార్డవుతుంది. "ఇంత మంచి మర్మర్ మళ్లీ దొరకదురా, క్లాసులో వినిపించడానికి ఉంటుంది," అన్నాడు. ఆయమ్మ సరేనని ఎడం పక్కకు తిరిగింది. ఊపిరి వదిలి పట్టింది. వాడింకా ఛాతీ మీద నుంచి తీయకముందే నావైపు చూసి ఒక మాట అడిగింది. నేనూ ఒక మాట చెప్పాను. తర్వాత బస్సు టైమయిందని మొగుడు తొందర పెడితే వెళ్లిపోయింది.

ఆ గుండె ఆసుపత్రికి మళ్లీ ఉత్తరం రాయాలి. రాశాను కూడా. దాని మీద చీఫ్ సంతకం కావాలి, ఆయన సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చేసరికి నా థీసిస్ గడువు. ఉత్తరం నా తెల్లకోటు జేబులో ఉంది, కోటు చాకలికి పోయింది, ఉత్తరం ముద్దయింది. మళ్లీ రాయాలి. ఇవన్నీ నిజాలే. ఒక్కొక్కటీ విడిగా చెప్తే ఎవరైనా పోనీలే అంటారు.

ఆయమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి, "ఊరికే అడుగుతాండాలేప్పా, నీకేం తొందర లేదు," అంది. రెండోసారి, "ఇప్పుడు కట్ట మీదికి పోవడం ల్యాదు," అంది. మూడోసారి ఏమందో తెలియదు. తెర మీద ఆ నంబరు చూసి, ఫోన్ బోర్లా తిప్పి పెట్టాను. ఏం చెప్పాలో తెలియక తిప్పాను గానీ నిర్లక్ష్యంతో కాదు. ఆయమ్మ వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే.

నాలుగో నెలలో మొగుడు మంచం మీద పడేసుకొని తెచ్చాడు. పొద్దున ముఖం కడుక్కుంటూ ఒరిగిపోయిందంట. మూతి ఎడమకు పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మూసుకుపోయిన కవాటం వెనక నిలిచిన రక్తం గడ్డకట్టి, ఒక ముక్క మెదడుకు పోయింది. ఎకోలో మిగిలిన గడ్డ గుండెలోనే కనపడింది. లోపల గడ్డ ఉండగా బెలూన్ పెట్టరు. ఛాతీ తెరిచి ఆపరేషన్ అంటే, ఈ పరిస్థితిలో మత్తు తట్టుకోదన్నారు.

బెంచీ మీద కూర్చున్న మొగుడికి ఇదంతా చెప్పాను. ఎప్పుడూ నాతో రెండు మాటలు మాట్లాడని మనిషి. పసుపు సంచి ఒళ్లో పెట్టుకొని విన్నాడు.

"అయితే ఇంగ తేదీ రాదా అప్పా?"

"రాదు మామా."

సంచిలోంచి ఫైలు తీశాడు. పాత తేదీ ఉన్న ఉత్తరం పైనే ఉంది, మడతల దగ్గర చిరుగులు పట్టి. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు చూసి, మళ్లీ లోపలే పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే, ఈ రోజు ఇది రాయాల్సిన అవసరం నాకు ఉండేది కాదేమో.

ఆ మరుసటి పరీక్షల్లో ఆయమ్మ మళ్లీ కేసయింది. అప్పటికి పాత చీఫ్ రిటైరయ్యాడు. కొత్తాయన రిపోర్టులు తిరగేసి కళ్లు మెరుస్తూ, "ఎంత మంచి కేసయ్యా! గుండె, మెదడు రెండూ ఒకే పేషెంటులో!" అన్నాడు. పిలవనని చెప్పే ధైర్యం నాకు లేదు. మొగుడే ఒప్పుకోడని ఆశపడ్డాను.

"తోలుకొస్తాప్పా," అన్నాడు ఫోన్‌లో. "ఇంట్లో గోడలు చూసుకుంటా పండుకోనుంటాది. ఆడికొస్తే నలుగురు పలకరిస్తారు."

ఆ రోజు ఆయమ్మ మంచం దగ్గర ఒక అమ్మాయికి ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. నేను మంచం కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు నా పక్కనే. ఆ అమ్మాయి పక్షవాతం పరీక్షలన్నీ బాగానే చేసి, గుండె దగ్గరికి వచ్చేసరికి స్టెతస్కోపు బిళ్ల పక్క పెట్టి నొక్కుతోంది. ఆయమ్మ పైకప్పు చూస్తోంది. గొంతులో ఏదో కదిలింది. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. ఊఁ అని ఒక మూలుగు మాత్రం వచ్చింది.

అప్పుడు పనిచేసే ఎడమ చెయ్యి దుప్పట్లోంచి మెల్లగా పైకి లేచింది. ఆ అమ్మాయి వేళ్ల మీదికి వెళ్లింది. స్టెతస్కోపును పట్టుకొని, తిప్పి, గంట పక్క తన ఛాతీ మీద ఆనించింది. తర్వాత ఆ అమ్మాయి మణికట్టు కింద రెండు వేళ్లు పెట్టి కొంచెం పైకి ఎత్తింది, అదమవద్దని.

"పేషెంటు కదలకుండా చూడండి," అన్నాడు ఎగ్జామినరు నాతో.

అమ్మాయి ముఖంలో వెలుగు వచ్చింది. వినపడిందని నాకు అర్థమైంది. ఆయమ్మకూ అర్థమైంది. అప్పుడు నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందని చెప్పుకుంటే నాకు కొంత హాయిగా ఉండేది. లేదు. పరీక్ష రోజు మమ్మల్నందరినీ చూసే చూపే అది, వీడు గట్టెక్కుతాడా లేదా అని.

నేను బాత్రూములోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను. ఏడ్చినోనికి సిగ్గుంటాది అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆయమ్మ మంచం దగ్గరికి మళ్లీ పోలేదు. నేనూ ఎముకల పెద్దసారులాగే, తెలియనట్టు పోయే వాళ్లలో చేరాను.

నేను ప్రొద్దుటూరు వచ్చి క్లినిక్ పెట్టాక ఒకరోజు మా పాత పీజీల గ్రూపులో మెసేజ్ వచ్చింది: "ఎమ్మెస్ అక్క పోయిందంట. వచ్చే నెల పరీక్షకు వేరే కార్డియాక్ కేసు ఎవరి దగ్గరైనా ఉందా?" కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకడు నెల్లూరు వైపు ఒక కేసు ఉందని నంబరు పెట్టాడు. నేనూ చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. ప్రొద్దుటూరు నుంచి మైలవరం ఎంత దూరం? బస్సు మారినా పూట పట్టదు. పోలేదు.

ఇవన్నీ సోమవారం ఆ జూనియరు పిల్లకు చెప్పలేదు. ఆ మాట అన్నది ఒక చేపలమ్మే ఆమె, ఎమ్మెస్ కేసు అని మాత్రం చెప్పాను.

"అవునా సార్! అయితే ఆడియో ఆయమ్మదేనేమో," అంటూ ఫోన్ తీసింది. "మాకు క్లాసులో వినిపిస్తాండ్రి. ఇప్పటికీ అదే వినిపిస్తారు. ఇట్లాంటి మర్మర్ ఇంకెవరికీ లేదంట."

ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కింది. దబ్బున తలుపు. చిటిక. రాళ్ల బాట మీద బండి. మళ్లీ తలుపు. మైలవరంలో బూడిదయి ఏళ్లు దాటిన గుండె మా బల్ల మీద, బీపీ మిషను పక్కన, నిదానంగా కొట్టుకుంటోంది. ఆ బుధవారం అది వేరే ఊళ్లో ఉండాలి. ఆ బండి చప్పుడు ఆ రోజుతో ఆగిపోవాలి. ఆగి ఉంటే ఈ పిల్లల దగ్గర ఈ ఆడియో ఉండేది కాదు. ఆ కట్ట మీద ఒక మనిషి నడుస్తూ ఉండేది.

చివర్లో గరగర ఆగి, బట్ట రాసుకున్న చప్పుడు వచ్చింది. ఆ వెంటనే గొంతు.

"అయిపోయిందా అప్పా? నా తేదీ సంగతి మర్చిపోవాకు."

"మర్చిపోనులే అక్కా," అంది ఇంకో గొంతు. కుర్ర గొంతు, నవ్వుతూ, తొందరలో ఉంది.

ఆడియో అయిపోయింది. ఆ రెండో గొంతు ఎవరిదో ఆ పిల్ల పోల్చుకోలేదు.

"ఏం తేదీ సార్ అది?" అంది.

బయట బెంచీ మీద ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. తర్వాతి వాళ్లను పిలవమన్నాను.